పది బోల్టుల్లో ఒక్కటేగా అనుకోవద్దు: లారీ హబ్బులో మర పోయిన వీల్ స్టడ్ మార్చడం

ఈ ఎపిసోడ్‌లో మాట్లాడుకునే వస్తువు ఇదిగో, నా చేతిలోనే ఉంది. (పాత స్టడ్‌ను కెమెరా ముందు పెట్టి) వీల్ బోల్టు అంటాం, స్టడ్ అంటాం. బొటనవేలి కంటే కాస్త లావు. పెద్ద లారీల్లో ఒక్కో చక్రానికి ఇలాంటివి పది ఉంటాయి. దీని మొదలు దగ్గర మర చూడండి, శుభ్రంగా ఉంది. మధ్యలో చూడండి, గీకేసినట్టు నున్నగా అయిపోయింది. మర పోయిన స్టడ్ అంటే ఇదే. దీనిమీద నట్టు తిరుగుతుంది కానీ పట్టదు.

చాలా మంది నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, పదింట్లో ఒకటి పోయింది, తొమ్మిది ఉన్నాయిగా. ట్రిప్పు వేసొచ్చి మార్చుకుంటే సరిపోదా?" దీనికి సరిపోదు అని ఒక్క మాటలో చెప్పేయొచ్చు. ఎందుకో తెలియకుండా ఒప్పుకోమంటే మాత్రం ఎవరూ ఒప్పుకోరు. అందుకే ముందు చక్రం హబ్బుకి ఎలా అంటుకుని ఉంటుందో చెప్తాను. తర్వాత స్టడ్ ఎలా తీయాలి, ఎలా వేయాలి చూద్దాం. లారీ నేర్చుకునే కుర్రాళ్లు, ఐటీఐ చదివేవాళ్లు, చిన్న గూడ్సు బండి తోలుకునే తమ్ముళ్లు, అందరికీ పనికొస్తుంది. చిన్న బండికి ఐదో ఆరో స్టడ్లు ఉంటాయి, అంతే తేడా. సూత్రం ఒకటే.

చక్రాన్ని పట్టుకునేది ఏంటి?

బండి బరువంతా ఈ స్టడ్ల మీదే వేలాడుతోందని చాలా మంది అనుకుంటారు. అలా కాదు. గడ్డి ట్రాక్టరు చూశారు కదా. పైనుంచి మోకు వేసి ఇద్దరు కాళ్లు తన్నిపెట్టి లాగి కడతారు. మోకు బిగుతుగా ఉన్నంతసేపు గడ్డి కదలదు. కాస్త వదులైందంటే గతుకు గతుక్కీ గడ్డి జరుగుతుంది, జరిగిన కొద్దీ మోకు ఇంకా వదులవుతుంది. చివరికి లోడు పక్కకి ఒరిగిపోతుంది.

వీల్ స్టడ్ కూడా ఇనుప మోకు లాంటిదే. నట్టు బిగిస్తే స్టడ్ వెంట్రుకవాసి సాగుతుంది. సాగింది కాబట్టి వెనక్కి లాగుతుంది. ఆ లాగుడుతో చక్రం డిస్కుని హబ్బుకి అదిమి పెడుతుంది. పెద్ద లారీలో సరిగ్గా బిగించిన ఒక్కో స్టడ్ పది టన్నులకు పైగా బలంతో అదుముతుంది. ఇలాంటివి పది కలిసి అదిమితే డిస్కుకీ హబ్బుకీ మధ్య ఒరిపిడి పుట్టి, ఆ ఒరిపిడే చక్రాన్ని కదలకుండా ఆపుతుంది.

ఇప్పుడు ఒక స్టడ్ మర పోయింది. అక్కడ అదుముడు లేదు. చక్రం తిరిగేటప్పుడు ఆ చోటు కిందికి వచ్చిన ప్రతిసారీ డిస్కు అక్కడ కొంచెం ఊపిరి తీసుకున్నట్టు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. పక్కనున్న రెండు స్టడ్లు ఒంగుతాయి, లేస్తాయి. సన్న తీగని రెండు చేతులతో అటూ ఇటూ వంచితే కాసేపటికి తెగుతుంది కదా, అదే పని.

ఎన్నిసార్లు ఒంగుతుందో లెక్క చూడండి. లారీ టైరు ఒక్క చుట్టు తిరిగితే మూడు మీటర్ల పైచిలుకు ముందుకెళ్తుంది. అంటే కిలోమీటరుకి దాదాపు 300 చుట్లు. విజయవాడ నుంచి హైదరాబాదు సుమారు 275 కిలోమీటర్లు. ఒక్క ట్రిప్పులో 80 వేల చుట్లకు పైనే. ఆ పక్క స్టడ్లు 80 వేల సార్లు ఒంగి లేస్తాయి. "ఒక్క ట్రిప్పేగా" అనే మాటకు అర్థం ఇదీ.

మర ఎందుకు పోతుంది?

దానంతట అది పోదు. నేను చూసినంతలో కారణాలు నాలుగే.

ఒకటి, నట్టు వంకరగా ఎక్కడం. చేత్తో రెండు మూడు చుట్లు తిప్పకుండా నేరుగా గాలి గన్ను పెట్టి కొడతారు. గన్నుకి కళ్లుండవు కదా. వంకరగా ఎక్కినా లోపలికి తోసేస్తుంది. మర మీద కొత్త మర కోసుకుంటూ పోతుంది.

రెండు, అతి బిగింపు. మన రోడ్ల మీద వీల్ పానాకి పైపు తొడిగి, పైపు మీద మనిషి ఎక్కి ఊగుతాడు. 60 కిలోల మనిషి మీటరు దూరంలో ఊరికే నిలబడితేనే దాదాపు 590 న్యూటన్ మీటర్లు. చాలా పెద్ద లారీలకు కంపెనీ అడిగే బిగింపు ఆ చుట్టుపక్కలే ఉంటుంది. అదే మనిషి మీటరున్నర పైపు చివర నిలబడితే 880 దాటుతుంది. ఎగిరి దూకితే ఎంతవుతుందో ఎవరూ చెప్పలేరు. స్టడ్ సాగాల్సినంత కంటే ఎక్కువ సాగితే మళ్లీ వెనక్కి రాదు. పాత బట్టలో ఎలాస్టిక్కులా అయిపోతుంది.

మూడు, తుప్పు, మట్టి. మనం పానా మీద పెట్టే బలంలో సుమారు పదో వంతే అదుముడుగా మారుతుంది. మిగతాదంతా మర దగ్గర, నట్టు అడుగున ఒరిపిడికే ఖర్చవుతుంది. మరలో ఇసుక, తుప్పు ఉంటే ఆ పదో వంతు కూడా దక్కదు. పానా గట్టిగానే తగులుతుంది, బిగిసిందనుకుంటాం. లోపల స్టడ్ సాగలేదు. వంద కిలోమీటర్లు పోయాక వదులవుతుంది. వదులైన డిస్కు రంధ్రం అంచు స్టడ్ మీద రంపంలా ఆడి మర తినేస్తుంది.

నాలుగు, అరిగిన నట్టు. స్టడ్ మార్చి పాత నట్టే వేస్తారు. పాత నట్టు మర కొత్త స్టడ్ మరని పాడు చేస్తుంది. నట్టు ఖరీదు చూసుకుంటే టీ, టిఫిను ఖర్చు. అక్కడ పొదుపు చేయకండి.

బండి ముందుగానే చెప్తుంది

స్టడ్ పోయేముందు గుర్తులు ఇస్తుంది. పొద్దున్నే బండి తీసే ముందు ఫోను టార్చ్ వేసి నట్ల చుట్టూ చూడండి. నట్టు కింద నుంచి బయటికి ఎర్రటి తుప్పు చారలు పారి ఉన్నాయా? అంటే అక్కడ కదలిక ఉంది. నట్టు చుట్టూ రంగు పోయి డిస్కు మెరుస్తోందా? అదీ కదలికే. పది నట్ల నుంచీ బయటికి కనిపించే స్టడ్ పొడుగు ఒకేలా ఉండాలి. ఒకటి తేడాగా ఉంటే దాని సంగతి చూడాలి.

కొన్ని లారీల నట్ల మీద పసుపు రంగు ప్లాస్టిక్ బాణాలు చూసే ఉంటారు. చాలా మంది అందం కోసం అనుకుంటారు. పక్క పక్క బాణాలు ఎదురెదురుగా ఉండేలా పెడతారు. ఏ నట్టు తిరిగినా ఆ బాణం వేరే వైపు చూస్తుంది. అవి లేకపోతే నట్టు నుంచి డిస్కు మీదికి పెయింటుతో ఒక గీత గీసుకోండి. గీత విరిగితే నట్టు కదిలినట్టు.

మొన్న నా దగ్గరికొచ్చిన బండి

ఇక్కడ ఒక బండి సంగతి చెప్పాలి. ఆరు టైర్ల లారీ. తాడేపల్లిగూడెం నుంచి బియ్యం లోడుతో హైదరాబాదు పోతోంది. విజయవాడ ఆటోనగర్‌లో ఆగింది. డ్రైవరు పాతికేళ్లు కూడా లేని కుర్రాడు. "మేస్త్రీ గారూ, వెనక ఎడమ చక్రంలో ఒక నట్టు తిరుగుతూనే ఉంది, పట్టట్లేదు. ఓనరు గారు వెల్డింగు పెట్టించి పొమ్మంటున్నారు" అన్నాడు. ఫోన్లో ఓనరు కూడా అదే మాట. "ఒక్క బోల్టే కదండీ. తెల్లారేసరికి సరుకు దిగాలి."

ఆయన తొందర నాకు అర్థమవుతుంది. లోడు ఆలస్యమైతే కిరాయి కోసేస్తారు, కిస్తీ ఆగదు. కాబట్టి వాదన పెట్టుకోలేదు. "అయ్యా, చక్రం ఊడదీసి ఫొటో పంపిస్తాను, చూశాక మీరే చెప్పండి" అన్నాను.

ఊడదీశాం. మర పోయిన స్టడ్ ఒక్కటే అనుకున్నాం. దాని పక్కది పట్టుకుంటే సగంలో సన్న చీలిక, లోపల తుప్పు. అంటే అది చీలి చాలా రోజులైంది. డిస్కులో ఆ రెండు రంధ్రాలు గుండ్రం పోయి కోడిగుడ్డు ఆకారానికి వచ్చేశాయి. పది అనుకున్న చోట నిజంగా పనిచేస్తున్నవి ఎనిమిది. ఫొటోలు పంపాను. రెండు నిమిషాలకి ఓనరు ఫోను చేసి "ఏం చేయాలో అది చేయండి, సరుకువాళ్లకి నేను చెప్పుకుంటాను" అన్నారు. మర పోయిన స్టడ్ అంటే అక్కడికక్కడ తీరే జబ్బు అనుకోకండి. చక్రంలో ఇంకేదో నడుస్తోందని చెప్పే కబురు అది.

మొదలుపెట్టే ముందు

ఇప్పుడు పని. ఇది హబ్బు విప్పే పని. నేర్చుకునేవాళ్లు అనుభవం ఉన్న మేస్త్రీ పక్కన లేకుండా చేయొద్దు. హైవే మీద ఆగిపోతే రోడ్డు వారన ఈ పని పెట్టుకోవద్దు. వెనకాల ట్రయాంగిల్ బోర్డు పెట్టి, నేషనల్ హైవే అయితే 1033కి ఫోను చేసి సాయం అడగండి.

బండి చదునైన గట్టి నేల మీద ఉండాలి. పని చేయని చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టాలి. వీలైతే లోడు దించాలి. నాలుగు టైర్లున్న సింగిల్ యాక్సిల్‌కి 2018 నుంచి చట్టం ఒప్పుకునే బరువు 11.5 టన్నులు. అంటే ఒక పక్క ఐదున్నర టన్నుల పైనే. ఆ బరువుకి తగ్గ స్టాండు లేకపోతే పని మొదలుపెట్టొద్దు. జాకీ ఉన్నది ఎత్తడానికే, మోయడానికి కాదు. జాకీలో సీలు జారిందంటే కేక వేసే టైము కూడా ఉండదు.

యాక్సిల్ బరువు స్టాండు మీదికి వచ్చాక, టైరు నేలకు కొద్దిగా తగులుతుండగానే, రెండు టైర్ల గాలీ వాల్వు పిన్ను తీసి పూర్తిగా వదిలేయాలి. ట్యూబు టైరు, రింగు రిమ్ము ఉన్న చక్రమైతే ఇది మరీ ముఖ్యం. రింగు దెబ్బతిని ఉంటే, నట్లు వదులైన క్షణంలో గాలి ఒత్తిడికి ఎగిరి మనిషిని కొడుతుంది.

పట్టని నట్టుని తీయడం

చెడిపోయిన నట్టుతోనే మొదలుపెట్టండి. మిగతావి బిగుతుగా ఉన్నప్పుడే చక్రం కదలకుండా ఉంటుంది. హ్యాండ్ బ్రేకు వేసి ఉంచండి.

ఏ వైపు తిప్పాలో కూడా చూసుకోండి. కొన్ని పాత లారీల్లో ఎడమ పక్క చక్రాలకు ఎడమ మర ఉంటుంది. స్టడ్ కొస మీద 'ఎల్' అక్షరం ఉందేమో తుడిచి చూడండి. తెలియక వదులు చేస్తున్నామనుకుని బిగిస్తూ పోతే బాగున్న స్టడ్ కూడా పోతుంది.

నట్టు తిరుగుతోంది, బయటికి రావట్లేదు. అప్పుడు స్టడ్ కొస చూడండి. నట్టుతో పాటు స్టడ్ కూడా తిరుగుతోందా, నట్టు ఒక్కటే తిరుగుతోందా?

నట్టు ఒక్కటే తిరుగుతుంటే మర పోయింది. నట్టు వెనక, డిస్కుకీ నట్టుకీ మధ్య ఉలి గానీ గడ్డపార కొస గానీ పెట్టి బయటికి తోస్తూ, ఇంకొకరు పానాతో నెమ్మదిగా తిప్పాలి. బయటివైపు మిగిలున్న మర దొరికితే వచ్చేస్తుంది.

స్టడ్ కూడా తిరుగుతుంటే సంగతి వేరు. స్టడ్ మెడ దగ్గర నిలువు గాళ్లుంటాయి. (స్టడ్ మెడ చూపిస్తూ) ఇవే హబ్బు రంధ్రంలో కరుచుకుని స్టడ్ తిరగకుండా ఆపుతాయి. కొన్నింటికి గాళ్లకు బదులు తలకి ఒక పక్క చదునుగా ఉంటుంది, అది హబ్బు గట్టుకి ఆనుకుంటుంది. ఇవి అరిగిపోతే స్టడ్ తిరుగుతుంది. అప్పుడు హబ్బు రంధ్రం కూడా అరిగిందనే అనుమానంతో చూడాలి.

ఏ దారికీ రాకపోతే నట్టుని కోయాల్సిందే. గ్రైండరుతో నట్టు ఒక పక్కని స్టడ్ పొడుగునా కోసి, ఉలి పెట్టి కొడితే విచ్చుకుంటుంది. టైరు మీద తడి గోనెపట్టా కప్పండి, కళ్లద్దాలు పెట్టుకోండి. గ్యాస్ కటింగు మాత్రం టైరు ఎక్కించి ఉన్న చక్రం మీద వద్దు. వేడికి టైరు లోపలి రబ్బరు కాలి గ్యాసు పుడుతుంది, టైరు బాంబులా పేలుతుంది. గాలి తీసేశాంలే అని ధైర్యం చేసినవాళ్ల టైర్లు కూడా పేలాయి. నట్టుకి వెల్డింగు పెట్టే ఆలోచన కూడా దీనికే వస్తుంది.

హబ్బు దించి స్టడ్ తీయడం

చక్రాలు దిగాక, మిగతా చక్రాల దిమ్మలు ఇంకోసారి చూసుకుని అప్పుడు హ్యాండ్ బ్రేకు వదలండి. లేకపోతే లైనర్లు డ్రమ్ముని పట్టుకునే ఉంటాయి. ట్యాంకులో గాలి లేకపోతే స్ప్రింగు బ్రేకు చాంబరుకి ఉండే బోల్టుతో స్ప్రింగుని వెనక్కి లాగి కట్టాలి. ఆ చాంబరు క్లాంపుని మాత్రం ఎప్పుడూ విప్పకండి. లోపలి స్ప్రింగు ప్రాణం తీస్తుంది.

కొన్ని బండ్లలో డ్రమ్ము హబ్బు మీద బయటి నుంచి తొడిగి ఉంటుంది. డ్రమ్ము లాగితే హబ్బు అంచు కనిపిస్తుంది. కొన్నింటిలో డ్రమ్ము హబ్బు వెనక ఉంటుంది, రెండూ కలిసే బయటికి రావాలి. స్టడ్ తల ఎప్పుడూ హబ్బు వెనకే. దాన్ని వెనక్కి కొట్టి తీయాలి. వెనక చోటు ఉంటే హబ్బు బండి మీదుండగానే కొట్టేయొచ్చు కదా అంటారు. సమ్మెటతో కొట్టే ప్రతి దెబ్బా బేరింగు రోలర్ల మీద పడుతుంది. రోలరు దాని దారిలో సన్న గుంట చేస్తుంది. స్టడ్ బాగవుతుంది, నెల తిరక్కుండా బేరింగు మూలుగుతుంది. అందుకే నేను హబ్బు దించే చేస్తాను.

యాక్సిల్ షాఫ్టు బోల్టులు విప్పి షాఫ్టు లాగాలి, కింద ట్రే పెట్టండి, ఆయిలు కారుతుంది. తర్వాత లాకు నట్టు, బయటి బేరింగు, హబ్బు. బ్రేకు దుమ్ముని గాలి కొట్టి ఊదకండి, తడి గుడ్డతో తుడవండి. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.

హబ్బుని హైడ్రాలిక్ ప్రెస్సు మీద పెట్టి, స్టడ్ తల వచ్చే చోటు చుట్టూ లావుపాటి పైపు ముక్క ఆనించి, మర వైపు నుంచి నొక్కితే టక్‌మని దిగుతుంది. ఆ ఆనింపు దూరంగా ఉంటే హబ్బు అంచు చిట్లుతుంది. ప్రెస్సు లేకపోతే ఆటోనగర్ లాంటి చోట పక్క షాపులోనైనా ఉంటుంది. ఆటోలో వేసుకుని తీసుకెళ్లండి, తప్పులేదు.

స్టడ్ తీశాక ఖాళీ రంధ్రాన్ని శుభ్రంగా తుడిచి, ఫోను కెమెరాని జూమ్ చేసి చూడండి. కంటికి దొరకని చీలిక ఫొటోలో దొరుకుతుంది. రంధ్రం గుండ్రం పోయినా, అంచున చీలిక ఉన్నా హబ్బు మార్చాలి. ఆ మాట ఓనరుకి చెప్పడం కష్టం. ఫొటో చూపిస్తే తేలికవుతుంది.

ఎన్ని మార్చాలి, ఎలాంటివి వేయాలి?

మా షాపులో పాటించే లెక్క ఇది. ఒక స్టడ్ విరిగిందంటే దానికి అటూ ఇటూ ఉన్న రెండూ కలిపి మూడు మారుస్తాం. రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ విరిగినా, చీలినా మొత్తం పదీ మారుస్తాం. నట్టు వంకరగా ఎక్కి మర పోయింది, మిగతావన్నీ బాగున్నాయని చూసి తేల్చుకుంటే, అదొక్కటి మారిస్తే సరిపోతుంది. బియ్యం లారీకి పదీ మార్చాం, నట్లు కూడా కొత్తవే. రంధ్రాలు పోయిన డిస్కు పక్కన పెట్టేసి స్టెప్నీ చక్రం ఎక్కించాం.

కొత్త స్టడ్‌ని పాతదాని పక్కన పెట్టి చూడండి. లావు, పొడుగు, మెడ లావు, తల ఆకారం, మర అన్నీ ఒకటే ఉండాలి. పెద్ద లారీల్లో ఎక్కువగా 22 మిల్లీమీటర్ల స్టడ్, మరకీ మరకీ 1.5 మిల్లీమీటర్ల దూరం. దగ్గరగా కనిపించే వేరే మర ఉంటే నట్టు రెండు చుట్లు ఎక్కి బిగుసుకుపోతుంది. అక్కడ గన్ను పెట్టారంటే కథ మళ్లీ మొదటికొస్తుంది.

తల మీద 10.9 అని అంకె ఉందేమో చూడండి. మొదటి 10 అంటే చదరపు మిల్లీమీటరుకి 1000 న్యూటన్ల బలం దాకా తెగదు. రెండోది 9 అంటే ఆ బలంలో తొంభై శాతం దాకా సాగినా మళ్లీ వెనక్కి వస్తుంది. కమ్మరి కత్తిని కాల్చి నీళ్లలో ముంచి పదును పెట్టినట్టు, ఈ ఇనుముకి కూడా వేడితో పదును పెడతారు. అందుకే వెల్డింగు పెట్టొద్దని అంత గట్టిగా చెప్పేది. వెల్డింగు వేడికి ఆ పదును పోతుంది. అంకె లేని స్టడ్, లేతు మీద మామూలు ఇనుప కడ్డీ కోసి చేసిన స్టడ్ చూడ్డానికి అలాగే ఉంటాయి, పని మాత్రం చేయవు.

నట్టు కూడా అదే రకం ఉండాలి. కొన్ని చక్రాలకి చదును అడుగుతో, తిరిగే వాషరు ఉన్న నట్టు. కొన్నింటికి అడుగు ఏటవాలుగా ఉండి రంధ్రంలో కూర్చునే నట్టు. దీనిది దానికి వేస్తే బిగించినట్టే ఉంటుంది, పట్టు ఉండదు.

ఎక్కించడం

హబ్బుని తిరగేసి, స్టడ్ గాళ్లు రంధ్రం గాళ్లతో సరిగ్గా కలిసేలా నిలబెట్టి, తల వైపు నుంచి ప్రెస్సుతో నొక్కాలి. తల పూర్తిగా కూర్చున్నాక దాని కింద కాగితం ముక్క దూర్చి చూడండి. దూరిందా, ఇంకా కూర్చోలేదు. ఇప్పుడు ఇలా వదిలేస్తే రోడ్డు మీద అది కూర్చుంటుంది, కూర్చున్నంత మేరా నట్టు వదులవుతుంది.

హబ్బు ఎక్కించేటప్పుడు పాత ఆయిల్ సీలు వాడకండి. బేరింగులు కడిగి గ్రీజు నింపి, హబ్బుని తిప్పుతూ మాన్యువల్లో చెప్పినట్టు లాకు నట్టు సర్దాలి. బేరింగు సర్దడం మీద ఇంకో ఎపిసోడ్ చేస్తాను, అది పెద్ద పాఠం.

చక్రం ఎక్కించే ముందు డిస్కు, హబ్బు కలిసే ముఖాలని తీగ బ్రషుతో రుద్దండి. తుప్పు పొర, మట్టి, కొత్తగా దట్టంగా వేసిన పెయింటు ఉండకూడదు. ఇవి నలిగిపోతే ఆ మందం మేరా బిగింపు పోతుంది. ఆ ముఖాలకి గ్రీజు కూడా రాయకండి. మనకి కావాల్సింది ఒరిపిడే కదా. చదును నట్టు అయితే మర మీద, వాషరుకీ నట్టుకీ మధ్య ఒకటి రెండు చుక్కల ఇంజిన్ ఆయిలు చాలు. ఏటవాలు నట్టు కూర్చునే చోట ఆయిలు వద్దు. మొత్తానికి మాన్యువల్ ఏం చెప్తే అది.

పది నట్లనీ ముందు చేత్తోనే ఎక్కించాలి. చేత్తో ఎక్కని నట్టుని పానాతో ఎక్కించకండి. ఆ తర్వాత ఒకటి బిగించి దానికి ఎదురుగా ఉన్నది బిగించండి. గడియారంలో 12 తర్వాత 6, అలా. వరసగా గుండ్రంగా బిగిస్తే ఒక పక్క కూర్చుని ఇంకో పక్క లేస్తుంది. టైర్లలో గాలి నింపి, బండి కిందికి దించాక టార్కు రెంచితో మూడు విడతల్లో మీ బండి మాన్యువల్ చెప్పిన అంకెకి తీసుకురండి. గన్ను దగ్గర పెట్టేందుకు పనికొస్తుంది, చివరి మాట రెంచిదే.

అసలు మరిచిపోయే పని ఇక్కడుంది. 50 నుంచి 100 కిలోమీటర్ల లోపు ఆగి మళ్లీ రెంచి పెట్టాలి. కొత్త స్టడ్లు, కొత్త నట్లు, శుభ్రం చేసిన ముఖాలు మొదటి పరుగులో సర్దుకుంటాయి, బిగింపు తగ్గుతుంది. ఆ కుర్రాడికి బయల్దేరేముందు మీటరు రీడింగు ఫొటో తీయించాను, ఫోన్లో గంటన్నరకి అలారం పెట్టించాను. సూర్యాపేట చేరకముందే ఒక చోట ఆపి, రెంచి పెట్టి వీడియో పంపాడు. మూడు నట్లు కొద్దిగా కదిలాయి. "అన్నా, నువ్వు చెప్పకపోతే అలాగే పోయేవాణ్ని" అని మెసేజ్ పెట్టాడు.

ఆ రెంచి ఓనరు కొనిచ్చిందే. స్టడ్లు, నట్లు, సీలు, కూలీ కలిపి అయిన ఖర్చులో అది కూడా ఉంది. పోయింది ఒక పూట.

ఇంకో పక్క ఏముందో చూడండి. టైరుతో కలిపి లారీ చక్రం దాదాపు వంద కిలోలు. అది హైవే స్పీడులో ఊడితే బండి కంటే ముందే దూసుకుపోతుంది. డ్రైవరుకి స్టీరింగు ఉంది, బ్రేకు ఉంది. ఎదురుగా స్కూటరు మీద పిల్లని కూర్చోబెట్టుకుని వచ్చే మనిషికి ఏముంది? వాళ్లకి మన స్టడ్ సంగతి తెలియదు, తెలుసుకునే దారి లేదు. తెలిసింది మనకే. పానా పట్టుకున్నవాడు చిన్నవాడైనా, క్లీనరైనా, "ఇది పట్టట్లేదు, బండి తీయొద్దు" అని చెప్పే హక్కు వాడికుంది. చెప్పలేకపోతే ఫొటో తీసి పంపండి. ఫొటోతో వాదించడం కష్టం.

ఈ రోజుకి గుర్తుపెట్టుకోవాల్సినవి. రోజూ నట్ల చుట్టూ ఒక చూపు. నట్టు ముందు చేత్తో. ఎదురెదురుగా బిగింపు. వంద కిలోమీటర్ల లోపు మళ్లీ రెంచి. మర పోయిన స్టడ్‌కి వెల్డింగు మందు కాదు.

మీ బండిలో ఎర్ర చారలు, అరిగిన రంధ్రాలు ఏమైనా కనిపిస్తే ఫొటో తీసి కామెంట్లో పెట్టండి, చూసి చెప్తాను. పంక్చర్ షాపులో పనిచేసే ఫ్రెండు ఎవరైనా ఉంటే ఈ ఎపిసోడ్ వాళ్లకి పంపండి, లారీ నట్టు మీద ఎక్కువగా చేయి పడేది వాళ్లదే. వచ్చే ఎపిసోడ్‌లో హబ్ బేరింగు సర్దడం చూద్దాం. ఉంటాను, నమస్తే.